మామ సిగరెట్ మానడానికి అమెరికా నుంచి ఈ-సిగరెట్ తెప్పించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ మేనమామకు 54 ఏళ్లు, మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తా. ముప్పై ఏళ్లుగా రోజుకు ఒక పెట్టె తాగుతున్నారు, పొద్దున లేస్తే దగ్గు. డల్లాస్‌లో ఉన్న వాళ్ల అబ్బాయి డిసెంబరులో వస్తూ ఈ-సిగరెట్ (నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా పీల్చే పరికరం) తెస్తానంటున్నాడు. మామ కూడా "ఆ మెషిన్ తెస్తే ఇది మానేస్తా" అంటున్నారు. తేవచ్చా, దానితో నిజంగా మానగలరా అని మీ ప్రశ్న. ఇంతకుముందు నికోటిన్ గమ్ కొనిస్తే నాలుగు రోజులకే పనికిరాదని పక్కన పడేశారని కూడా రాశారు.

తేవద్దని చెప్పండి. కానీ మామ మానగలరు, ఆ సంగతి మీద నాకు అనుమానం లేదు. మహబూబ్‌నగర్‌లో, ఆ తర్వాత నల్లగొండలో ఛాతీ డాక్టర్ల దగ్గర పొగ మాన్పించే కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇంట్లోవాళ్లు బలవంతంగా లాక్కొచ్చినవాళ్లకూ, "మానేస్తా" అని తన నోటితో అన్నవాళ్లకూ చాలా తేడా చూశాను. మీ మామ ఆ మాట అనేశారు. దాన్ని డిసెంబరు దాకా ఆపకండి.

ముందు చట్టం సంగతి. మన దేశంలో ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టం చేసి నిషేధించారు. తయారీ, అమ్మకాలతో పాటు దిగుమతి, రవాణా, నిల్వ కూడా అందులోకే వస్తాయి. దిగుమతికి మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచుకుంటే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మా నాన్న కోసం ఒక్కటే తెచ్చాను అంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు వినరు. తండ్రి మీద ప్రేమతో చేసే పనికి ఆ అబ్బాయి ఈ చిక్కులో పడనక్కర్లేదు.

చట్టం ఉంది కాబట్టి వద్దు అని చెప్పి ఊరుకుంటే మీకు సగం జవాబే ఇచ్చినట్టు. ఈ-సిగరెట్‌తో సిగరెట్ మానినవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. పొగాకు కాలదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, తారు అందులో ఉండవు. సిగరెట్ కంటే హాని తక్కువేనని బ్రిటన్ ఆరోగ్య శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. 2019లో అక్కడ 886 మంది మీద చేసిన పరీక్ష ఒకటి బాగా పేరు పొందింది. ఏడాది తర్వాత చూస్తే ఈ-సిగరెట్ ఇచ్చినవారిలో 18 శాతం, గమ్, ప్యాచ్ వంటివి ఇచ్చినవారిలో 9.9 శాతం సిగరెట్ మానేసి ఉన్నారు. అయితే అలా మానినవాళ్లలో ఈ-సిగరెట్ గుంపులో 80 శాతం మంది ఏడాది గడిచినా ఆ పరికరాన్ని పీలుస్తూనే ఉన్నారు. గమ్, ప్యాచ్ గుంపులో వాటిని ఇంకా వాడుతున్నవారు 9 శాతమే. పైగా రెండు గుంపులకూ కనీసం నాలుగు వారాల పాటు వారం వారం కౌన్సెలింగ్ ఉంది. అది ప్రభుత్వ నిఘాలో అమ్మే పరికరం, పక్కన సలహా చెప్పే మనిషి, రెండూ కలిసి వచ్చిన ఫలితం.

మీ మామకు అందేది అది కాదు. బ్రిటన్‌లో ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలో 50 వరకు ఉన్నవి మామూలుగా దొరుకుతాయి. జనవరిలో అబ్బాయి తిరిగి వెళ్లిపోతాడు. తెచ్చిన ద్రవం అయిపోతుంది. అప్పుడు మామకు రెండే దారులు: హైదరాబాద్‌లో దొంగచాటుగా అమ్మేవాళ్ల దగ్గర ఏదో ఒకటి కొనడం, లేదా మిల్లు గేటు ముందున్న పాన్ డబ్బాకు వెళ్లడం. దొంగ సరుకులో ఏం కలిపారో చెప్పే నాథుడు ఉండడు. 2019 నుంచి 2020 ఫిబ్రవరి లోపు అమెరికాలో వేపింగ్ (ఇలాంటి పరికరాలతో ఆవిరి పీల్చడం) వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. చాలావరకు గంజాయి రసం ఉన్న ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే నూనె లాంటి పదార్థమే దానికి కారణమని తేలింది. దుకాణంలో అమ్మే మామూలు నికోటిన్ ద్రవం వల్ల కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఊరూపేరూ లేని చేతుల మీదుగా వచ్చిన ద్రవం పీలిస్తే ఏమవుతుందో అది చూపించింది. మన దగ్గర దొరికేదంతా అలాంటి చేతుల మీదుగా వచ్చేదే.

నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. పరికరం దొరికినవాళ్లలో చాలామంది రెండూ తాగుతారు. ఇంట్లో, ఆఫీసులో అది, బయట చాయ్ దగ్గర ఇది. "ఇరవై నుంచి ఐదుకు తగ్గించా" అని సంతోషంగా చెబుతారు. గుండె విషయంలో ఆ లెక్క కుదరదు. రోజుకు 20 తాగేవారికి ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒక్కటే తాగేవారికీ ఉంటుందని 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. తగ్గించడం దగ్గర ఆగితే గుండెకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. పూర్తిగా మానాలి.

ఇక మీరు పక్కన పెట్టేసిన గమ్ దగ్గరికి వస్తాను. ఈ-సిగరెట్‌లో మామకు ఉపయోగపడేది నికోటిన్ ఒక్కటే. అదే నికోటిన్ మిర్యాలగూడలో మందుల షాపులో, నాణ్యత తనిఖీ చేసిన మందుగా దొరుకుతోంది. నాలుగు రోజుల్లో పనికిరాదని ఎందుకు అనిపించిందో మీరు రాయలేదు కానీ, నేను రోజూ చూసేదాన్ని బట్టి ఊహించగలను. జడ్చర్ల దగ్గరి లారీ డ్రైవర్ ఒకాయన ఇదే ఫిర్యాదుతో వచ్చారు. ఒకటి నా ముందే నమలమన్నాను. నోట్లో వేసుకుని బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలారు, ఊరిన లాలాజలం అంతా మింగేశారు. రెండు నిమిషాలకు ఎక్కిళ్లు, గొంతులో కారం, కడుపులో మంట. ఐదో నిమిషానికి ఉమ్మేశారు. ఆ పూటకు చేతిలో చాయ్ గ్లాసు కూడా ఉంది. అలా వాడితే నికోటిన్ కడుపులోకి పోయి వృథా అవుతుంది.

దాన్ని వాడే పద్ధతి వేరు. నోట్లో వేసుకుని మెల్లగా కొన్నిసార్లు నమలాలి. నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమనగానే నమలడం ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి, ఈసారి రెండో వైపు పెట్టాలి. ఇలా అరగంట. నికోటిన్ నోటి చర్మం గుండానే రక్తంలోకి వెళ్లాలి. నోట్లో పులుపు ఉంటే అది లోపలికి పోదు, అందుకే గమ్‌కు పావుగంట ముందు నుంచి, గమ్ ఉన్నంతసేపూ చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం వద్దు. నీళ్లతో నోరు పుక్కిలించి గమ్ వేసుకుంటే మంచిది.

మోతాదులోనూ పొరపాటు జరుగుతుంది. చీటీ లేకుండా షాపులో ఇచ్చేది 2 మిల్లీగ్రాములది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి అది చాలదు, 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టరు చీటీ కావాలి. మీ మామ మొదటి సిగరెట్ ఎప్పుడు తాగుతారో అత్తను అడగండి. ముప్పై ఏళ్ల పెట్టె అలవాటు కాబట్టి ముఖం కడుక్కోకముందే అయి ఉంటుంది. సంఖ్య విషయానికొస్తే, మనవాళ్లు రోజుకు మూడో నాలుగో వేసుకుని, అదీ ప్రాణం మీదికి వచ్చినట్టు అనిపించినప్పుడే వేసుకుంటారు. సిగరెట్ పొగలోని నికోటిన్ 10, 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. గమ్‌ది చేరడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. కోరిక పుట్టాక వేసుకుంటే ఆలస్యమైపోతుంది. మొదటి ఆరు వారాలు గడియారం చూసుకుని గంటకో, రెండు గంటలకో ఒకటి, రోజుకు తొమ్మిదికి తగ్గకుండా వేసుకోవాలి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు ఇంకా తగ్గించి, మొత్తం 12 వారాలకు ఆపాలి. దీనికి తోడు డాక్టరు సలహాతో ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ కూడా వాడితే ఒక్కటి వాడినదానికంటే బాగా పనిచేస్తుంది. ప్యాచ్ రోజంతా సన్నగా అందిస్తుంది, గమ్ మధ్యలో వచ్చే గట్టి కోరికను తట్టుకోవడానికి.

"నికోటిన్ విషం కదా, మళ్లీ అదే ఇవ్వడమేంటి" అని ఇంట్లో ఎవరైనా అంటారు. సిగరెట్‌కు మనిషిని కట్టేసేది నికోటిన్, నిజమే. క్యాన్సర్‌నూ ఊపిరితిత్తుల జబ్బునూ తెచ్చేది మాత్రం ప్రధానంగా కాలిన పొగ. ఆ పొగను ఆపడానికి మూడు నెలలు నికోటిన్ ఇచ్చి, దాన్నీ మెల్లగా తీసేస్తాం. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తప్పే జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గమ్ అసలు పడకపోతే వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు ఉన్నాయి. వరెనిక్లిన్ మానే రోజుకు వారం ముందే మొదలుపెట్టి 12 వారాలు వాడతారు. కొందరికి వికారం, వింత కలలు వస్తాయి. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ ఇవ్వరు. ఇవి రెండూ డాక్టరు చేతి మీదుగానే.

చాయ్ గురించి ఒక మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా కరిగించేస్తుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గుతుంది. అవే ఆరు చాయ్‌లు తాగినా ఒంట్లో కెఫీన్ బాగా పెరిగిపోతుంది. రాత్రి నిద్ర పట్టదు, గుండె దడ, చిరాకు. సిగరెట్ మానడం వల్లే ఇదంతా అనుకుని మూడో రోజు మళ్లీ వెలిగిస్తారు. మానిన రోజు నుంచే చాయ్ సగానికి తగ్గించమనండి. మిల్లులో పది గంటల చాయ్‌కి గేటు బయటికి వెళ్లకుండా లోపలికే తెప్పించుకోమనండి. మొదటి రెండు వారాలు ఆ పాన్ డబ్బా ముందుకు వెళ్లకపోవడమే పెద్ద పని. మన దగ్గర విడిగా ఒక్క సిగరెట్ అమ్ముతారు కాబట్టి, "ఒక్కటే కదా" అనిపించడానికి అదే మొదటి చోటు.

మీ మామ ఎప్పుడైనా అయ్యప్ప మాల వేశారా? నేను ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏటా మాల వేసేవాళ్లలో పెట్టెలకు పెట్టెలు తాగేవాళ్లు బోలెడుమంది. మాల మెడలో పడిన రోజు నుంచి 41 రోజులు ఒక్కటి ముట్టరు. అడిగితే "స్వామి దయ" అంటారు. నేను దాన్ని తీసిపారేయను. ఆ దీక్షలో మానడానికి కావలసినవన్నీ ఉన్నాయి: ముందే నిర్ణయించిన రోజు, నలుగురికీ తెలిసిన మాట, మారిన దినచర్య, చన్నీళ్ల స్నానం, చుట్టూ అదే నియమంలో ఉన్న స్వాములు, చేతికి సిగరెట్ ఇవ్వడానికి జంకే స్నేహితులు. నికోటిన్ లేక ఒంట్లో వచ్చే బాధ మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. అంటే 41 రోజులు గడిపినవాడి ఒంటికి ఇక సిగరెట్ అవసరం లేదు. మాల తీశాక బస్టాండ్‌లోనే వెలిగించడం అలవాటు వల్ల జరిగేది. ఆ రోజు కోసం ఎవరూ ఏమీ ఆలోచించి పెట్టుకోరు, అక్కడే దెబ్బతింటారు.

మామ మాల వేసే మనిషి అయితే ఈ కార్తీకంలో వేసే రోజునే మానే రోజుగా పెట్టుకోమనండి. మాల తీసే రోజుకు మాత్రం ముందే ఏర్పాటు చేయండి. శబరిమల నుంచి వచ్చే దారిలో ఎవరి పక్కన కూర్చుంటారు, ఆ సాయంత్రం ఎక్కడ ఉంటారు, మరుసటి వారం రోజులు ఎవరు ఫోన్ చేస్తారు. నియమాల వల్ల దీక్షలో గమ్ వద్దంటే బలవంతం చేయకండి. తీసిన తర్వాత వారం రోజులు జేబులో ఉంచుకుంటే చాలు. మాల అలవాటు లేకపోయినా, వేరే మతం వారైనా ఏం పర్వాలేదు, రంజాన్ ఉపవాసాలతో మానినవాళ్లనూ చూశాను. ఒక తేదీ పెట్టుకుని దాన్ని ఇంట్లో అందరికీ చెప్పడం అసలు సంగతి.

పాన్ డబ్బా తర్వాత జాగ్రత్త పడాల్సిన రెండో చోటు కల్లు కాంపౌండ్, దావత్‌లు. మానిన నెలరోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లను ఎక్కడ తాగారని అడిగితే, కల్లు దగ్గరో, పెళ్లి దావత్‌లో మందు దగ్గరో అనే చెబుతారు. మొదటి మూడు నెలలు మామ పెళ్లికి వెళ్లినా భోజనం చేసి వచ్చేయాలి. తాగేవాళ్ల గుంపులో కూర్చోకూడదు. వాళ్లు ఎగతాళి చేస్తారు, దానికి మామకు ఒక జవాబు సిద్ధంగా ఉండాలి. "డాక్టర్ వద్దన్నడు" అంటే మన ఊళ్లలో ఇంకెవరూ వాదించరు.

ఇప్పుడు ఆ దగ్గు. పొద్దున దగ్గును సిగరెట్ దగ్గే కదా అని వదిలేయకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ దవాఖానలో తెమడ పరీక్ష ఉచితం. పైగా రైస్ మిల్లులో ఊక దుమ్ము, తవుడు దుమ్ము రోజూ లోపలికి పోతుంటాయి. పొగ, దుమ్ము రెండూ కలిసిన ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు సన్నబడతాయి. గొట్టంలోకి గట్టిగా ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష ఒకసారి చేయించండి. ఫలితం చూసినప్పుడు మామకు తన ఊపిరితిత్తుల లెక్క కళ్లకు కనిపిస్తుంది, మేం చెప్పే వంద మాటల కంటే అది పనిచేస్తుంది. తెమడలో రక్తం, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఆయాసానికి ఇప్పటికే డెరిఫిల్లిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలు వాడుతుంటే, మానేముందు డాక్టరుకు చెప్పాలి. పొగ ఆగగానే ఆ మందు కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అదే మోతాదు ఎక్కువై వాంతులు, గుండె దడ వస్తాయి. షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటున్నా అంతే, మొదటి వారాల్లో షుగర్ తరచుగా చూసుకోవాలి.

సిగరెట్ బదులు బీడీకి, గుట్కాకు, అంబర్‌కు (నోట్లో వేసుకునే పొగాకు) మారడం మాత్రం ఒప్పుకోకండి. బీడీ చిన్నదని తేలిక అనుకుంటారు. అది ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి, అందుకే తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే లోపలికి పోతాయి. గుట్కా, అంబర్ నోటి క్యాన్సర్‌కు దారి.

యాభై దాటాక మానితే ఏం లాభం అని మామ అనవచ్చు. బ్రిటన్‌లో డాక్టర్లనే యాభై ఏళ్ల పాటు గమనించిన అధ్యయనంలో, పొగ తాగేవాళ్లు సగటున పదేళ్ల ముందే చనిపోయారు. యాభై ఏళ్లకు మానినవారు అందులో దాదాపు ఆరేళ్లు, అరవైకి మానినవారు మూడేళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. మామకు ఆరు, మూడు మధ్యలో కొన్నేళ్లు మిగిలే ఉన్నాయి.

అత్తకు ఒక మాట చెప్పండి. మొదటి రెండు వారాలు మామ విసుక్కుంటారు, చిన్నదానికి అరుస్తారు. అప్పుడు "ఇంతకన్నా తాగినప్పుడే నయం" అని అనకూడదు. ఇంట్లోని యాష్‌ట్రే, లైటర్లు, మిగిలిన పెట్టెలు మానే రోజు ముందు రాత్రి తీసేయాలి. కోరిక వచ్చినప్పుడు అది కొన్ని నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ కాసేపు లేచి నడవడం, నీళ్లు తాగడం, నోట్లో లవంగం వేసుకోవడం, ఎవరికైనా ఫోన్ చేయడం చాలు. మీరు హైదరాబాద్‌లో ఉన్నా ఆ ఫోన్ మీకే రావాలి, ఎత్తండి.

కౌన్సెలర్ కోసం హైదరాబాద్ దాకా రావాల్సిన పనిలేదు. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ విభాగానికి చూపించి, పొగాకు మాన్పించే సలహా కావాలని అడగండి. నార్కట్‌పల్లిలో డెంటల్ కాలేజీ ఉంది, అక్కడా అడగవచ్చు. పొగాకు మానడానికి ఫోన్‌లో సలహా ఇచ్చే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం, తెలుగులో మాట్లాడతారు, సోమవారం తప్ప రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మ పక్కన ముద్రించి ఉండే నంబరు అదే. ఫోన్ మామనే చేయనివ్వండి. ఒకసారి పేరు నమోదయ్యాక మానే తేదీ చుట్టూ వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు.

మధ్యలో ఏదో ఒక రోజు ఒకటి తాగేస్తే గమ్ ఆపకండి, తేదీ మార్చకండి. ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకు తాగారో అడిగి తెలుసుకోండి. ఆ చోటుకు ఇంకో వారం వెళ్లకుండా చూడండి. మోతాదు సరిపోవడం లేదనిపిస్తే అదే వారంలో డాక్టరును కలవండి. స్పైరోమెట్రీ ఫలితం వచ్చాక, మొదటి సిగరెట్ ఎప్పుడు తాగుతారో తెలుసుకున్నాక ఇక్కడ రాస్తే, గమ్ ఏదో, ప్యాచ్ ఏదో డాక్టరును ఎలా అడగాలో చెబుతాను.